బెంగళూరులో ఎవరి కడుపూ కొట్టకుండా కొనుక్కుని తినడం కుదురుతుందా?

రోజూ కొనేదాంట్లో, తినేదాంట్లో కాస్త న్యాయంగా ఉండాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. బెండకాయల దగ్గర మొదలుపెట్టండి. వాటి కొసలు విరిచి చూడటం మానేయండి. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను. పావుకిలో కొనడానికి పది కాయలు విరిచి, ముదురని ఐదింటిని పక్కన పడేసి పోతాం కదా, ఆ ఐదూ ఇంకెవరు కొంటారు? నేనూ పదేళ్లు అలాగే విరిచాను.

నాది అనంతపురం. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి కేఆర్ పురం దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటి, కొన్నిచోట్ల రెండొందలకు కూడా ఎగబాకింది, గుర్తుందా? ఆ ధర చూసి ప్రతివాళ్లూ టమాటానే నాటారు. నాటిన రెండు, రెండున్నర నెలలకు కాపు వస్తుంది. ఇంకేముంది, సెప్టెంబరుకల్లా ధర కుప్పకూలింది. రైతులు టమాటాలు రోడ్డు మీద పారబోస్తున్న వీడియో మా వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. అందరూ అయ్యో పాపం అన్నారు. మూడో ఫ్లోర్ ఆయన తనకు కోలారు జిల్లా ముళబాగిలు వైపు ఒక రైతు తెలుసన్నారు. దళారులు లేకుండా నేరుగా కొందాం, కిలో ఇరవై ఇద్దాం అని తీర్మానించేశాం. కోలారు మండీలో లెక్కంతా పదిహేను కిలోల బాక్సు. ధర పడిపోయిన రోజుల్లో బాక్సుకు మూడొందలంటే మాటలా! నలభై బాక్సులకు పేర్లు వచ్చాయి. లిస్టు రాసింది నేనే, కాబట్టి గొప్ప నాదే అనుకున్నాను.

శనివారం పొద్దున ఆరున్నరకే బండి వచ్చింది. మావాళ్లు తీరిగ్గా తొమ్మిదికి దిగారు. దిగగానే మొదటి మాట, "పదిహేను కిలోలు ఏం చేసుకుంటామండీ, మూడు కిలోలు చాలు." లిస్టు మీద సంతకం లేదు కదా, ఏమనగలం? తర్వాత ఏరడం మొదలైంది. ఒకావిడ ఒక్కో కాయనీ ట్యూబులైటు కింద తిప్పి తిప్పి చూసింది, బంగారం కొన్నట్టు. ఇంకొకాయన నొక్కి చూసి, మెత్తగా తగిలిన దాన్ని పక్క బాక్సులోకి విసిరాడు. ఆ దెబ్బకు అక్కడున్న రెండు కాయలు పగిలాయి. పదకొండయ్యేసరికి గట్టి కాయలన్నీ పైకి వెళ్లిపోయాయి. పార్కింగ్‌లో మిగిలినవి పద్నాలుగు బాక్సులు, అన్నీ మెత్తవీ నొక్కుపడినవీ.

ఆ రైతన్న తెలుగాయనే. గొడవ పడలేదు. "మండీలో బాక్సు లెక్కమ్మా. ధర తక్కువే గానీ, ఇట్లా ఏరి వెనక్కి పెట్టేవాళ్లుండరు" అన్నాడు, అంతే. నాకు చెప్పుతో కొట్టినట్టయింది.

అది చాలదన్నట్టు గేటు బయట తోపుడుబండి అక్క. మదనపల్లి మనిషి. 2020 లాక్‌డౌన్‌లో గేటు దాకా కూరగాయలు తెచ్చి, చిల్లర లేకపోతే నెలాఖరుకు ఇమ్మని నోటుబుక్కులో రాసుకుంది. ఆ పొద్దున తను కూడా రెండు బాక్సులు తెచ్చుకుంది. ఒక్క కిలో పోలేదు. "ముందే చెప్పుంటే ఈరోజుకు టమాటా ఎత్తకుండా ఉందును కదమ్మా" అంది. ఇరవైమందిమి గ్రూపులో వారంరోజులు చర్చించాం, ఈ ఒక్క మాట ఎవరికీ తట్టలేదు.

చివరికి ఆమే ఫోన్ చేసి వీధి చివరి టిఫిన్ సెంటర్ ఆయన్ను పిలిపించింది. చట్నీకి పనికొస్తాయని ఆయన ఏడు బాక్సులు సగం ధరకు తీసుకున్నాడు. నేను సిగ్గుతో రెండు బాక్సులు పూర్తి ధరకు తీసుకున్నాను. మిగిలిన ఐదూ బండిలోనే ముళబాగిలు పోయాయి. దళారి లేకుండా కొంటామని బయలుదేరినవాళ్లం మేము!

ముప్పై కిలోల మెత్తటి టమాటాలు ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తాం? అమ్మ ఊరినుంచి వచ్చి ఉంది కాబట్టి బతికాను. కోసి ఉప్పు వేసి మేడమీద ఎండబెట్టింది. రెండోరోజే సెక్రటరీ గారి మెసేజ్, కాకులు వస్తున్నాయట, బిల్డింగ్ అందం చెడుతోందట. అదే మేడమీద సోలార్ హీటర్లున్నాయని మాది పర్యావరణహిత భవనమని గేటు దగ్గర బోర్డు పెట్టుకున్నాం. నీళ్లు కాగడానికే గానీ టమాటా ముక్కలు ఆరడానికి పనికిరాని ఎండ ఏమిటో నాకర్థం కాలేదు.

ఆర్గానిక్ షాపుకి వెళ్లరాదా అంటారేమో. వెళ్లాను. మూడు క్యాప్సికమ్‌లను ప్లాస్టిక్ ట్రేలో పెట్టి, పైన ప్లాస్టిక్ పొర చుట్టి, భూమిని కాపాడండి అని స్టిక్కర్ వేశారు. ప్యాకెట్ మీద ప్రభుత్వ ఆర్గానిక్ ముద్ర ఉంటే అది సర్టిఫికెట్ ఉన్న సరుకు, సరే. కానీ విడిగా గుట్టపోసి అమ్మేదాన్ని ఏం చూసి నమ్మాలి? అడిగితే షాపబ్బాయి "ఆర్గానిక్కే మేడమ్" అన్నాడు. బిల్లు దగ్గర ఇచ్చే ఆ రంగురంగుల సంచి కూడా గుడ్డ కాదు. చాలావరకు అది పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. అగ్గిపుల్ల అంటించి చూడండి, కరిగి కారుతుంది. మా ఇంట్లో అలాంటివి ముప్పై దాకా ఉన్నాయి, ఒకదాంట్లో ఒకటి.

గుడ్ల సంగతి అడగకండి. బోనులో పెట్టే కోడికి ఏ4 కాగితమంత చోటు కూడా ఉండదని తెలుసు. తెలిసీ ముప్పై గుడ్ల ట్రే కొంటున్నాను, ఇంట్లో ఇద్దరు ఎదిగే పిల్లలు. ఇక్కడ నేను ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను.

నా మట్టుకు న్యాయమంటే ఏరకపోవడమే. ఏ షాపు, ఏ ముద్ర అన్నది తర్వాత సంగతి. మనం వద్దని పక్కన పెట్టిన కాయ నష్టం ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది, ఎప్పుడూ మనకంటే బీదవాళ్ల నెత్తినే. బేరం ఆడకూడదని కొందరు నీతులు చెబుతారు గానీ, నన్నడిగితే బేరం పరవాలేదు. బేరంలో అమ్మే ఆమెకూ నోరుంటుంది, కుదరదంటుంది. బేరం గోలే వద్దనుకుంటే హాప్‌కామ్స్‌కి పోండి, 1959 నుంచీ ఉన్న రైతుల సహకార సంస్థ, ఏ రోజు ధరలు ఆ రోజు బోర్డు మీద రాసి ఉంటాయి. నిమిషాల్లో ఇంటికి తెచ్చే యాప్‌లో మనం ఏరం నిజమే. ఒక కాయ చితికితే ఫోటో తీసి డబ్బులు వెనక్కి అడుగుతాం, అదీ ఏరడమే.

ఇప్పుడు బండి అక్క చేతికి ఏది వస్తే అదే సంచిలో వేయించుకుంటున్నాను. కరివేపాకు కొసరు మాత్రం వదలలేదు, అది నా హక్కు. కొంతకాలంగా ఆమె నన్ను చూడగానే మెత్తటి టమాటాలు ఉన్న గంపలోకి చెయ్యి పెడుతోందని మా ఆయన అనుమానం. ఉండొచ్చు. వారానికి నాలుగురోజులు మా ఇంట్లో చారే.