చీరల మడతల్లో ఫారం 16

కూకట్‌పల్లి నుంచి రాసిన సోదరికి,

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో సీనియర్ ఫ్రంట్ ఎండ్ ఆర్కిటెక్టుగా, అంటే తెర మీద కనబడే భాగాన్ని ఎలా కట్టాలో నిర్ణయించే హోదాకు, పదోన్నతి వచ్చి పది నెలలైందని, రాత్రి తొమ్మిదిన్నరకు అమెరికా వాళ్లతో ఉండే కాల్స్ వల్ల పిల్లల చదువు చూడలేకపోతున్నారని, పాత హోదాకే తిరిగి వెళ్లిపోవాలా అని అడిగారు. అక్కర్లేదు. కాల్స్ వారానికి రెండు రోజులకు కుదించమని మీ మేనేజరును అడగండి. ఆ ప్రశ్నకు ఇంతకు మించిన జవాబు అవసరం లేదు.

నన్ను కలవరపెట్టింది ఉత్తరం చివర మీరు రాసిన ఒక్క వాక్యం: "ఈ సంగతి మా వారికి ఇంకా చెప్పలేదు." ఆయనదీ ఇదే రంగం, టీమ్ లీడ్ దగ్గరే ఆగిపోయారు. ఏటా ఇద్దరి ఆదాయపు పన్ను రిటర్నులూ ఆయనే దాఖలు చేసేవారు. ఈసారి మీది స్నేహితురాలి చేత చేయించుకుని, ఏడాది జీతం, కోసిన పన్ను చూపుతూ కంపెనీ ఇచ్చే ఫారం 16ను బీరువాలో పట్టుచీరల మడతల్లో దాచారు. కాల్ వచ్చినప్పుడల్లా వాషింగ్ మెషిన్ పక్కన నిలబడి, గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు.

వెబ్ పేజీలు కట్టే ఆంగ్యులర్ జేఎస్ అనే సాధనానికి 2021 డిసెంబరు 31తో గూగుల్ మద్దతు ఆగిపోయాక, దాని మీదే నడుస్తున్న అప్లికేషన్‌ను సేవ ఒక్కరోజు కూడా ఆగకుండా, ఒక్కో పేజీ చొప్పున రియాక్ట్ అనే మరో సాధనంలోకి మార్చే పథకం వేసింది మీరు. ఆరు సెకన్లకు గానీ ప్రధాన భాగం కనబడని పేజీని, గూగుల్ మంచి వేగంగా లెక్కగట్టే రెండున్నర సెకన్ల లోపుకు తెచ్చింది మీరు. అంత పని సాధించిన రోజున కూడా ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక పడుకున్నారని చదివి నాకు చాలా కష్టమనిపించింది.

మగవాడి కంటే ఆడదాని సంపాదన ఎక్కువైతే సంసారం నిలవదన్న మీ అత్తగారి మాటను పక్కన పెట్టండి. చిక్కు మీ ఇద్దరి మధ్యే ఉంది, దాన్ని తెచ్చిపెట్టింది కూడా ఆయన కాదు. ఉత్తరమంతా వెతికినా ఆయన మిమ్మల్ని చిన్నబుచ్చిన సందర్భం ఒక్కటీ కనబడలేదు. పైగా 2012లో, పెద్దపాప కడుపులో ఉండగా, రాత్రిళ్లు పక్కన కూర్చుని మీకు వెబ్ పేజీలు రాసే జావాస్క్రిప్ట్ భాష నేర్పింది ఆయనే. శిష్యుడి చేతిలో ఓటమిని కోరుకోవాలని పెద్దలు ఊరికే అనలేదు. ఆ సంతోషం ఆయనకు దక్కుతుందో లేదో చూడకుండానే, ఓర్వలేరని మీరే తీర్పు చెప్పేశారు. దీన్ని మీరు సర్దుకుపోవడం అనుకుంటున్నారు. నేను మాత్రం ఆయనకు జరిగిన అవమానం అనుకుంటున్నాను, మీ ఆత్మగౌరవానికీ ఇది తగదు.

ఈ ఆదివారం పిల్లలు నిద్రపోయాక ఆ కాగితం తీసి ఆయన చేతిలో పెట్టండి. ఇన్నాళ్లు దాచినందుకు క్షమాపణ చెప్పండి, పదోన్నతికి మాత్రం సంజాయిషీ ఇవ్వవద్దు. రెండు రోజులు ముభావంగా ఉంటే ఉండనివ్వండి; దాచారన్న బాధ తగ్గడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. అత్తగారికి ఎలా చెప్పాలన్నది కొడుకుగా ఆయనకే వదిలేయండి. సోమవారం కాల్ మాత్రం హాల్లో, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని మాట్లాడండి.