వేళ్లు నలిగే బూట్లతో గుట్ట ఎక్కకు

బిడ్డా,

నువ్వు పంపిన ఫొటో చూశాను. బొటనవేలి గోరు కింద నీలం, మడమ మీద ఊడిన చర్మం. నా మనసు చివుక్కుమంది. ‘పూర్ణ, ఆనంద్ ఈ భువనగిరి గుట్ట మీదే శిక్షణ తీసుకుని 2014లో ఎవరెస్టు ఎక్కారు, నేను ఈ మాత్రం ఓర్చుకోలేనా మామయ్యా’ అని రాశావు. ఎండను ఓర్చుకో, భయాన్ని ఓర్చుకో, వేలి కొసలు అరిగిపోవడాన్ని ఓర్చుకో. బూటులో వేళ్లు నలగడాన్ని మాత్రం ఓర్చుకోవద్దు.

కొత్త చెప్పు కరిస్తే నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. రాయి ఎక్కే బూటు పాదం కంటే చిన్నదైతే అలా సర్దుకోదు. నా తొలి బూట్లు రెండు సైజులు తక్కువవి. బిగుతుగా ఉంటేనే పట్టు అని అమ్మినాయన చెప్పాడు, నమ్మాను. కుడి బొటనవేలి గోరు నల్లబడి ఊడింది. కొత్తది పూర్తిగా రావడానికి ఏడాది దాటింది. అంత బిగుతు మన మీదికి వాలిన గోడలకు, గోరంత అంచుల మీద వేలి కొన నిలపడానికి పనికొస్తుంది. మన గుట్ట ఏటవాలు గ్రానైటు. ఇక్కడ పట్టు రావాలంటే మడమ దించి, ముందుపాదం రబ్బరంతా రాయికి ఆనించాలి. వేళ్లు పిడికిలిలా ముడుచుకుని ఉంటే రబ్బరు ఎలా ఆనుతుంది? నీకు కావలసింది అడుగు చదునుగా ఉన్న బూటు, కొన కిందికి వంగినది కాదు.

ఈసారి కొనేటప్పుడు సాయంత్రం వెళ్లు. పగలంతా నడిచిన పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. సైజు అంకెను నమ్మకు, కంపెనీకో లెక్క. తొడుక్కుని నిలబడు. వేలి కొసలు బూటు ముందు భాగానికి తగలాలి, కొద్దిగా వంగినా ఫర్వాలేదు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కితే వదిలేయ్. మడమ వెనుక ఖాళీ ఉండకూడదు, అలాగని అక్కడి నరాన్ని నొక్కకూడదు. అస్తరు లేని తోలు వాడేకొద్దీ సాగుతుంది, సింథటిక్ పెద్దగా సాగదు. నీ ఫొటోలో రెండో వేలు బొటనవేలి కంటే పొడుగ్గా కనిపిస్తోంది. బొటనవేలి వైపు కొన తిరిగిన బూటులో మొదట నలిగేది ఆ రెండో వేలే.

కొత్తవి ఇంట్లోనే రోజూ ఓ పావుగంట తొడుక్కో. మెత్తబడాలని ఆముదం రాయకు. మన ఇళ్లలో తోలు చెప్పులకు అలవాటే కానీ, ఇక్కడ నూనె అడుగు రబ్బరుకు తగిలితే రాయి మీద కాలు జారుతుంది. ఎండలో ఆరబెట్టకు, జిగురు ఊడిపోతుంది.

గోళ్లు తిన్నగా కత్తిరించు, మూలలు లోతుగా తవ్వకు. ఒక్కో ఎక్కుడు అయిపోగానే బూట్లు విప్పి, వేళ్లు విప్పార్చి, చెప్పులు వేసుకో. ఆ బూట్లతో కింద నడవవద్దు. తెల్లవారుజామునే మొదలుపెట్టు. రాయి కాలితే పాదం మరింత ఉబ్బుతుంది.

బూట్లు విప్పి చాలాసేపైనా తిమ్మిరి పోకపోతే, బొటనవేలి కీలు వాచినా, గోరు మూల ఎర్రబడి చీము పట్టినా డాక్టరుకు చూపించాల్సిందే. నీతో వచ్చే టీచరు గారికి షుగరు ఉందన్నావు. ఆమెకు తప్పకుండా చెప్పు: పుండు పడినా నొప్పి తెలియకపోవచ్చు, ఎక్కిన ప్రతిసారీ అరికాళ్లు, వేళ్ల సందులు కళ్లతో చూసుకోవాలి.

ఆ గోరు మానేదాకా గుట్ట జోలికి వెళ్లకు. తెల్ల కాగితం మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీయి, రెండు పాదాలకూ. ఆదివారం వచ్చేటప్పుడు ఆ కాగితం, ఆ బూట్లు తీసుకురా. బూటు అడుగును గీత మీద పెట్టి చూద్దాం, ఎక్కడ నొక్కుతోందో అక్కడే తేలిపోతుంది.

మీ మామయ్య