స్టిక్ మీద ఆయిల్: సాయంత్రం ఒక లెక్క, పొద్దున ఒక లెక్క

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది 2005 శాంట్రో. ఆఫీసు నుంచి వస్తూ బంకులో ఆగితే అక్కడి కుర్రాడు ఇంజన్ ఆయిల్ కొలిచే స్టిక్ తీసి చూపించాడు. ఆయిల్ ‘ఎల్’ (తక్కువ) గీతకు కాస్త పైన ఉంది. అర లీటరు పోయించాను. మర్నాడు పొద్దున ఇంటి దగ్గర చూస్తే ‘ఎఫ్’ (నిండు) గీత దాటిపోయింది. ఏది నిజం? ఎక్కువైంది అలాగే వదిలెయ్యొచ్చా?
– పెరంబూరు, చెన్నై

జవాబు: పొద్దుటి లెక్కే నమ్మండి. బంకులో బండి ఆపేటప్పటికి ఆయిల్ అంతా ఇంజన్ అడుగున అది నిలిచే ఛాంబర్లో ఉండదు. కొంత ఇంజన్ పైభాగమైన హెడ్‌లో, కొంత ఆయిల్ దారుల్లో నిలిచి ఉంటుంది. అది దిగడానికి ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. ఈలోపు స్టిక్ తీస్తే తక్కువే చూపిస్తుంది. పైగా బంకు వాకిలి వాననీళ్లు పోవడానికి ఏటవాలుగా ఉంటుంది, ఆయిల్ ఒక పక్కకు ఒరుగుతుంది. మూడో సంగతి, స్టిక్ పూర్తిగా దిగకపోవడం. పాత బండిలో చివరి అర అంగుళం బిగుతుగా ఉంటుంది, గట్టిగా నొక్కితేనే పిడి, స్టిక్ దిగే ట్యూబ్ మీద కూర్చుంటుంది. అర అంగుళం పైనే ఆగితే ఆయిల్ అర అంగుళం తక్కువ కనిపిస్తుంది. అందులో మోసం ఉండొచ్చు, ఉండకపోనూవచ్చు. నష్టం మాత్రం మీదే.

వేడి ఇంజన్‌కీ చల్లటి ఇంజన్‌కీ తేడా ఉండదా అంటారేమో. ఉంటుంది, కొంచెమే. 30 డిగ్రీల దగ్గర 3 లీటర్లున్న ఆయిల్ 90 డిగ్రీలకు వచ్చేసరికి సుమారు 4 శాతం, అంటే 120 మిల్లీలీటర్ల దాకా ఉబ్బుతుంది. స్టిక్ మీద అది రెండు మూడు మిల్లీమీటర్లు. మీ బండి పుస్తకం వేడి ఇంజన్ ఆపి ఐదు నిమిషాలాగి చూడమంటే అలాగే చూడండి. పొద్దున్నే చూసే అలవాటుంటే ఎప్పుడూ పొద్దున్నే, ఎప్పుడూ అదే చోట చూడండి. అపార్ట్‌మెంట్ ర్యాంపు మీద మాత్రం వద్దు.

మొదటిసారి బయటికి తీసిన స్టిక్‌ను లెక్కలోకి తీసుకోకండి. ట్యూబ్ గోడలకంటిన ఆయిల్ దాన్ని పైదాకా తడిపేస్తుంది. పాత బనియన్ గుడ్డతో తుడవండి. వేస్ట్ కాటన్ వద్దు, దారాలు లోపలికి పోతాయి. పిడి కూర్చునేదాకా నొక్కి, రెండు క్షణాలాగి, నిదానంగా తీసి, చివర కాస్త కిందికుండేలా పట్టుకుని రెండువైపులా చూడండి. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ ఉంటే తక్కువదే సరైనది. కొత్త ఆయిల్ నీళ్లలా ఉండి గీత కనిపించకపోతే స్టిక్ కొనను తెల్ల కాగితానికి ఆనించండి. మరక ఎక్కడిదాకా ఉందో తెలుస్తుంది.

ఇక ఎక్కువైన ఆయిల్. గీతకు ఒకటి రెండు మిల్లీమీటర్లు పైనుంటే కంగారు లేదు. అంతకు మించితే తీసెయ్యాలి. ఇంజన్ అడుగున ఉండే ఇరుసు, క్రాంక్‌షాఫ్ట్, తిరుగుతూ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. నురగలో గాలి ఉంటుంది కాబట్టి బేరింగుల దగ్గర ప్రెషర్ నిలవదు. కొంత ఆయిల్, ఇంజన్ ఆవిరి బయటికి పోయే గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌కు పోతుంది, ఆయిల్‌ను ఆపే పాత సీళ్లు కారడం మొదలెడతాయి. మందుల షాపులో 50 మిల్లీలీటర్ల సిరంజి, స్టిక్ ట్యూబ్‌లో దిగేంత సన్నని గొట్టం కొనండి. ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు స్టిక్ దారిలోంచే నాలుగైదు సిరంజిలు లాగి మళ్లీ చూసుకోండి. అలా గీత దిగేదాకా. ఇక ముందు పోసేటప్పుడు 200 మిల్లీలీటర్లకు మించి ఒకేసారి పొయ్యొద్దు. చాలా నాలుగు సిలిండర్ల కార్లలో ఎల్ నుంచి ఎఫ్ దాకా ముప్పావు లీటరు నుంచి లీటరే పడుతుంది.

ఒక అనుమానం మాత్రం తీర్చుకోవాలి: ఆ స్టిక్ మీ బండిదేనా? పిడి విరిగితే పాత విడిభాగాలమ్మే పుదుపేటలో ఏదో ఒకటి తెచ్చి దూర్చేవాళ్లున్నారు. నాలుగు మిల్లీమీటర్ల పొడవు తేడా ఉన్నా ప్రతి లెక్కా తప్పే. వచ్చే ఆయిల్ మార్పుకు, ఫిల్టర్‌తో కలిపి మార్చేటప్పుడు ఎంత పొయ్యాలని పుస్తకంలో ఉందో సరిగ్గా అంతే కొలిచి పోయించండి. ఒక నిమిషం ఇంజన్ నడిపి, పది నిమిషాలాగి స్టిక్ చూడండి. ఎఫ్ గీత దగ్గర లేకపోతే ఉన్నచోట సన్న ఆకురాయితో గీత పెట్టుకోండి. మీ ఎఫ్ ఇకపై అదే.

ప్రశ్న: 1998 మారుతి 800, కార్బరేటర్ బండి. పొయ్యకుండానే ఆయిల్ పెరుగుతోంది. సంతోషించాలా?
– వేళచ్చేరి, చెన్నై

జవాబు: వద్దు, బండి తియ్యడం ఆపండి. తగ్గడం కన్నా పెరగడమే చెడ్డ సూచన. స్టిక్ వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే ముందుగా ఫ్యూయల్ పంపును అనుమానించాలి. మీ బండిలో పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది. లోపలి పలచటి పొర, డయాఫ్రం, చిరిగితే పెట్రోల్ నేరుగా ఆయిల్‌లోకి పోతుంది. పంపు మార్చి, ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చాలి. పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడదు.

స్టిక్ మీద పాలు కలిపిన కాఫీ రంగు కనిపించి, రేడియేటర్లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ (హెడ్ కింద నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే పొర) మెకానిక్‌కు చూపించాలి. ఆయిల్ పోసే మూత లోపల మాత్రమే తెల్లటి జిగురు, స్టిక్ మీద శుభ్రమైన ఆయిల్ ఉంటే అది చాలావరకు చెమ్మే. నవంబరు వానల్లో రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండ్లకు అది మామూలు. వారానికోసారి అరగంట నడిపితే పోతుంది.

మీరున్నది వాననీళ్లు నిలిచే వేళచ్చేరి కనుక ఇంకొకటి. 2023 డిసెంబరు మిచాంగ్ తుపానుకు ముందు మీ ప్రాంతంవాళ్లు కార్లను ఫ్లైఓవర్ మీద పెట్టుకున్నది ఊరికే కాదు. బండి మునిగి, తరవాత స్టిక్ మీద లెవెల్ పెరిగి కనిపిస్తే తాళం తిప్పనే వద్దు. తోయించుకునో, లాగించుకునో షెడ్డుకు చేర్చండి.

ప్రశ్న: ఎర్ర ఆయిల్ లైటు వెలగనంత వరకు స్టిక్ చూడనక్కర్లేదని మా డ్రైవరు అంటాడు. నిజమేనా?
– అన్నానగర్, చెన్నై

జవాబు: కాదు. పాత కార్లలో ఆ లైటు చెప్పేది ప్రెషర్, లెవెల్ కాదు. మలుపులో పంపు గాలి పీల్చేంతగా ఆయిల్ తగ్గాకే అది మినుకుమంటుంది. వెలిగిన క్షణమే పక్కకు తీసి ఇంజన్ ఆపాలి, ఇల్లు రెండు కిలోమీటర్లే ఉన్నా సరే. స్టిక్ పదిహేను రోజులకోసారి చూడండి. పొగ కొట్టే బండైతే ప్రతి 500 కిలోమీటర్లకు చూసి, ఆ రోజు కిలోమీటర్ల లెక్కా పోసిన మిల్లీలీటర్లూ గ్లవ్ బాక్సులో చిన్న పుస్తకంలో రాసిపెట్టండి. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగాయో, ఆయిల్ కిందికి జారకుండా ఆపే వాల్వ్ సీళ్లు పోయాయో తేల్చడానికి మెకానిక్ మొదట అడిగేది ఆ లెక్కే. రెండోది, నీలిపొగ పొద్దున స్టార్ట్ చేయగానే వస్తోందా, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వస్తోందా అని. స్టార్ట్ చేయగానే అయితే సీళ్ల మీద, తొక్కినప్పుడైతే రింగుల మీద అనుమానం.