గాయం కన్నా కట్టుకే ఎక్కువ భయపడండి

కుక్క కాలిగోరు విరిగి రక్తం వచ్చింది, ఇంట్లోనే చూసుకోవచ్చా అని అడిగారు. చూసుకోవచ్చు. కానీ కట్టు గురించి మీరు ఒక్క మాట కూడా అడగలేదు. నా భయమంతా దాని గురించే.

మా కుక్క చిట్టికి ఆరేళ్లు. ఒక రాత్రి తలుపు చప్పుడు విని పరుగెత్తబోయి ముందుకాలి గోరు తివాచీ పోగులో ఇరికించుకుంది. నేలకు తగలకుండా, లోపలివైపు కాస్త పైన బొటనవేలిలా ఉంటుందే, ఆ గోరు. అది నేలకు రాసుకుని అరగదు, మనం కత్తిరిస్తేనే పొట్టిగా ఉంటుంది. మిగతా గోళ్లన్నీ కత్తిరించి దాన్ని మరిచిపోయేవాళ్లను ఎంతమందిని చూశానో! ఆ నెల నేనూ మరిచాను.

గోరు సగానికి విరిగి వేలాడుతోంది. గోరు లోపల రక్తనాళం, నరం ఉంటాయి కాబట్టి చూడటానికి చిన్న దెబ్బే అయినా రక్తమూ నొప్పీ ఎక్కువే. శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాను గానీ, నిమిషానికోసారి ఎత్తి చూస్తూనే ఉన్నాను. ఎత్తిన ప్రతిసారీ గడ్డకట్టబోతున్నది కాస్తా ఊడి మళ్లీ కారేది. చివరికి అమ్మ గడియారం ముందు నిలబడి, “పది నిమిషాలు చెయ్యి తీశావంటే ఊరుకోను” అంది. తీయలేదు. రక్తం ఆగింది.

అంతటితో ఊరుకోవలసింది. మళ్లీ కారుతుందేమోనని ఆ గోటి మీదుగా కాలి చుట్టూ గాజుగుడ్డ బిగించి, పైన అంటుకునే పట్టీ నాలుగు చుట్లు వేశాను. తెల్లవారి చూస్తే కట్టు కింద పాదం ఉబ్బిపోయి ఉంది. మధ్య వేళ్లు రెండూ విచ్చుకుని గోళ్లు చెరో వైపుకు తిరిగాయి. ముట్టుకుంటే చల్లగా తగిలాయి. వణికే చేతులతోనే కత్తెర పెట్టి కట్టు కోసేసి, వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాను. వేలాడే గోటిముక్క తీయడం ఆయనకు నిమిషం పని. ఇంకో పూట ఆ కట్టు అలాగే ఉంటే వేళ్లు దక్కేవి కావన్నారు.

అందుకే రక్తం ఆగిన చిన్న గాయానికి కట్టే వద్దంటాను. తప్పనిసరైతే వేళ్ల మధ్య దూది పెట్టి, కట్టు కింద మీ వేలు దూరేంత వదులుగా చుట్టండి. రోజూ విప్పి చూడండి, తడిస్తే అప్పుడే మార్చండి. కడగడానికి అరలీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక టీ చెంచా ఉప్పు చాలు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు, మానుతున్న కండను కూడా దెబ్బతీస్తాయి. మనం వేసుకునే నొప్పి మాత్రలు అసలే వద్దు. ఐబుప్రోఫెన్ కుక్కల కడుపులో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలను పాడుచేస్తుంది.

“నాకనివ్వండి, దాని ఉమ్మే దానికి మందు” అనేవాళ్ల మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నాకేకొద్దీ గాయం నాని పుండవుతుంది, నోటిలోని క్రిములు అందులో చేరతాయి. మెడకు గరాటు కాలరు వేయండి. ఎంత దీనంగా చూసినా తీయకండి. పావుగంట అదిమినా రక్తం ఆగకపోయినా, కాలు కింద మోపకపోయినా, వాపు, చీము, దుర్వాసన కనిపించినా ఇంటి వైద్యం ఆపేసి బయలుదేరండి.

ఇంకొకటి, మీరు అడగకపోయినా చెబుతాను. ఆ రాత్రి రక్తం కన్నా కష్టమైంది చిట్టి తన కాలు పట్టుకోనిచ్చేలా చేయడం. నొప్పిలో నన్నే కరవబోయింది. దాని తప్పేమీ లేదు, గోళ్లు కత్తిరించేటప్పుడు తప్ప అంతకుముందు ఎవరూ దాని పాదం పట్టుకుని చూసింది లేదు. అప్పటి నుంచి రోజూ రాత్రి పక్కన కూర్చుని నాలుగు కాళ్లూ ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుంటాను, వేళ్ల సందులు విప్పి చూస్తాను. మొదటి వారమంతా లాగేసుకుంది. ఇప్పుడు తనే వచ్చి పాదం నా ఒడిలో పెడుతుంది. మొన్న వెనక కాలి వేళ్ల మధ్య చిన్న ముల్లు దొరికింది, కుంటడం మొదలుకాకముందే.