కుట్టుపని: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఇంట్లో బ్లౌజులు కుడతాను. మోటారు మిషన్, ప్లాస్టిక్ కుర్చీ. కటింగ్ నేల మీదే. సాయంత్రానికి మెడ, భుజాలు, నడుము పట్టేస్తున్నాయి. మిషన్ టేబుల్ మార్చాలా?
– ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: టేబుల్ మార్చక్కర్లేదు, కుర్చీ మార్చండి. మిషన్ స్టాండు సుమారు 30 అంగుళాల ఎత్తుంటుంది. ప్లాస్టిక్ కుర్చీ సీటు 16, 17 అంగుళాలే, పైగా వెనక్కి వాలుంటుంది. అందులో కూర్చుంటే చేతులు బల్ల మీదికి అందడానికి భుజాలు పైకి లేస్తాయి, సూది కనబడడానికి మెడ ముందుకు సాగుతుంది. మీ నొప్పులకు మూలం అదే.

గట్టి స్టూలు తీసుకోండి. భుజాలు వదిలేసి మోచేయి మడిస్తే అది బల్ల మట్టానికి రావాలి. అయిదడుగుల మనిషికి సీటు 20 అంగుళాల దగ్గర తేలుతుంది. తొడలు బల్ల కింద తగిలితే ఒక అంగుళం తగ్గించండి. ఇప్పుడు పాదాలు గాల్లో ఉంటాయి కదా, 4 అంగుళాల ఎత్తున్న వెడల్పాటి పీట వేసి, పెడల్‌నూ రెండో పాదాన్నీ దాని మీదే పెట్టండి. పీట కింద రబ్బరు షీటు లేకపోతే తొక్కినప్పుడల్లా జారుతుంది.

చాలామంది బల్ల మధ్యకు ఎదురుగా కూర్చుంటారు. సూది ఉండేది ఎడమవైపు, కాబట్టి రోజంతా నడుము మెలితిరిగే ఉంటుంది. బొడ్డు సూదికి ఎదురుగా ఉండాలి, పెడల్ కూడా అటే జరగాలి.

స్టాండు వెనక కాళ్ల కింద ఒకటిన్నర అంగుళం చెక్కలు పెడితే బల్ల మీవైపు కొద్దిగా వాలుతుంది, మెడ వంపు తగ్గుతుంది. అంతకు మించితే కత్తెర, బాబిన్లు ఒళ్లో పడతాయి.

నేల మీద కటింగ్ మాత్రం ఈరోజే మానేయండి. డైనింగ్ టేబుల్ కాళ్ల కింద 4 అంగుళాల దిమ్మెలు పెడితే నిలబడి కత్తిరించడానికి సరిపోతుంది. టేబుల్ కాలు జారకుండా దిమ్మెలో అర అంగుళం గుంట చెక్కించండి. ఇటుకలు వద్దు, పగులుతాయి.

ప్రశ్న: కత్తెర పట్టే బొటనవేలు మొద్దుబారుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు సాన పట్టించండి. మొండి కత్తెరకు బలమంతా బొటనవేలే పెట్టాలి. కత్తిరించేటప్పుడు కింది అలుగు బల్లకు ఆనించే ఉంచండి, బరువు బల్ల మోస్తుంది. రింగు బిగుతుగా ఉంటే నరం నొక్కుకుంటుంది, లోపలి అంచుకు మెత్తటి గుడ్డ చుట్టండి. పొరలు ఎక్కువైతే రెండు విడతలుగా కత్తిరించండి. రాత్రి నిద్రలోనూ వేళ్లు తిమ్మిరెక్కుతుంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి.