కనబడని దిద్దుబాట్ల గురించి మేనల్లుడికి

చి. శ్రీధర్‌కు,

మామయ్య ఆశీస్సులు. నువ్వు ఉద్యోగం మానేసి ఇంటి దగ్గరే పుస్తకాలూ రిపోర్టులూ ఎడిట్ చేసే పనికి పూనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో మరొకడు ఈ పనిలోకి వస్తున్నాడని గర్వంగా ఉంది, దిగులూ ఉంది. నీ భాష మీద నాకు అనుమానం లేదు. దిద్దిన ఫైలును ఎవరికి, ఏ స్థితిలో పంపుతావన్నదే నా దిగులు.

వర్డ్‌లో చేసిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టి చూపే ట్రాక్ ఛేంజెస్ ఆన్ చేయడం నీకు తెలిసిందే. కంట్రోల్, షిఫ్ట్, ఇ కలిపి నొక్కితే చాలు. నేను చెప్పదలచుకున్నది రివ్యూ ట్యాబ్‌లో దాని పక్కనే ఉండే చిన్న పెట్టె గురించి. అందులో సింపుల్ మార్కప్ పెడితే మార్పు జరిగిన పంక్తి పక్కన మార్జిన్‌లో ఎర్రగీత మాత్రమే ఉంటుంది. ఆల్ మార్కప్‌లో చేర్పులూ కొట్టివేతలూ అన్నీ బయటపడతాయి. నో మార్కప్‌లో దిద్దుబాటు ముగిసినట్టు శుభ్రమైన పేజీ, ఒరిజినల్‌లో ఎవరూ ముట్టుకోని ప్రతి కనిపిస్తాయి. ఈ నాలుగింటిలో ఏది ఎంచుకున్నా తెర మీద కనబడేదే మారుతుంది గాని ఫైలులో ఒక్క అక్షరం కూడా మారదు. మేము గ్యాలీ ప్రూఫుల మీద, అంటే అచ్చుకు ముందు తీసే నమూనా కాగితాల మీద, ఎర్ర సిరాతో దిద్దే రోజుల్లో, అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటరు వాటిని మార్చేశాక కొట్టేసిన మాట జాడ అచ్చులో మిగిలేది కాదు. వర్డ్‌లో మాత్రం యాక్సెప్ట్ అనో రిజెక్ట్ అనో నొక్కేదాకా అది అక్కడే ఉంటుంది.

దీన్ని చాదస్తమనుకోకు. లెబనాన్ మాజీ ప్రధాని రఫీక్ హరీరీ హత్య మీద ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం 2005 అక్టోబరులో ఇచ్చిన నివేదిక సంగతి చూడు. హత్యకు పథకం వేశారని ఒక సాక్షి చెప్పినవాళ్ళ పేర్లు, అప్పటి సిరియా అధ్యక్షుడి తమ్ముడిదీ బావదీ సహా, తీసేసి, ఆ చోట సీనియర్ అధికారులని మాత్రం రాశారు. అయితే విలేకరులకు అందిన వర్డ్ ఫైలులో మార్పులు అలాగే ఉండిపోయాయి. తెరిచి చూసినవాళ్ళకు చెరిపిన పేర్లే కాదు, ఏ సమయానికి చెరిపారో కూడా తెలిసిపోయింది. ఒత్తిడికి లొంగి తీశారా అన్న ప్రశ్నలు వచ్చాయి. తనను ఎవరూ ఒత్తిడి చేయలేదని విచారణాధికారి డెట్లెఫ్ మెహ్లిస్ విలేకరుల ముందు చెప్పుకోవలసి వచ్చింది. అంత పెద్ద సంస్థలోనే చివరి చూపు తప్పిపోతే, ఇంట్లో ఒంటరిగా కూర్చుని పనిచేసే నీ వెనక చూసేదెవరు?

మొన్న నాకు పంపిన నమూనానే తీసుకో. ఫాంట్ మార్పులను చూపే చిన్న పెట్టెలతో, అదే బెలూన్లతో, మార్జిన్ నిండిపోయింది. వాటి మధ్య "ఈయనకు వాక్యం రాదు" అన్న నీ కామెంటు పదిలంగా ఉంది. రచయిత కంటబడితే ఏమయ్యేదిరా? చిన్నప్పటి నుంచీ నీకు నోటిదురుసు ఎక్కువే, మనసు మంచిదని మాకు తెలుసు గాని ఆయనకు తెలియదు కదా.

ఏ రకం మార్పులు కనబడాలో ఎంచుకునే షో మార్కప్‌లో ఫార్మాటింగ్ ఒక్కటే ఉంచి, కనబడుతున్న మార్పులన్నిటినీ ఒప్పుకునే ఆజ్ఞ ఇస్తే ఆ ఫాంటు గోల పోయి మాటల మార్పులు మిగులుతాయి. ఇదే సౌకర్యంలో ప్రమాదమూ ఉంది: ఎవరి మార్పులు కనబడాలో ఎంచే స్పెసిఫిక్ పీపుల్‌లో ఒకరి పేరు తీసేసి ఉంటే వారి మార్పులు ఆ ఆజ్ఞకు అందవు, నువ్వేమో అన్నీ అయిపోయాయనుకుంటావు. అందుకని చివర్లో ఆల్ మార్కప్‌కు వచ్చి, షో మార్కప్‌లో అన్ని రకాల మార్పులూ అందరి పేర్లూ టిక్ చేసి, మార్పుల జాబితా చూపే రివ్యూయింగ్ పేన్‌లో లెక్క సున్నా అయిందో లేదో చూడు. తరవాత ఒక నకలు తీసి ఫైలులో దాగి ఉన్న కామెంట్లూ వివరాలూ వెతికి తీసేసే డాక్యుమెంట్ ఇన్‌స్పెక్టర్‌ను దాని మీదే నడుపు; అది తీసేసినవి తిరిగి రాకపోవచ్చు. మార్పులున్న ఫైలును సేవ్ చేసేటప్పుడూ పంపేటప్పుడూ హెచ్చరించే ఏర్పాటు వర్డ్ ఆప్షన్స్‌లోని ట్రస్ట్ సెంటర్‌లో ఉంది, ఈ రోజే పెట్టుకో.

రచయితకు మార్పులు కనబడే ప్రతి, ప్రెస్సుకు శుభ్రమైన ప్రతి వేరువేరు పేర్లతో వెళ్ళాలి. మొదటి పుస్తకం ప్రెస్సుకు పంపే ముందు ఆ ఫైలు నాకూ ఒకటి పంపు, ఆల్ మార్కప్‌లో పెట్టి చూసి చెబుతాను.

మామయ్య