అమెరికా కార్డుతో కొన్న గంజాయి నూనెను గుంటూరుకు తేవచ్చా?

ప్రశ్న: నా భార్యకు క్యాన్సర్. కీమోథెరపీ మొదలైనప్పటి నుంచి వాంతులు తగ్గడం లేదు, తిండి సహించడం లేదు, నొప్పితో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మా అబ్బాయి ఫ్లోరిడాలో హెచ్‌-1బీ వీసాపై ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ అతనికి వైద్య గంజాయి కార్డు ఉంది. ఈసారి వచ్చేటప్పుడు నాలుక కింద వేసుకునే చుక్కల మందు ఒక సీసా, నమిలే గమ్మీలు కొన్ని తెస్తానంటున్నాడు. పొగ తాగితేనే నేరమని, నూనె రూపంలో ఉన్నది మందేనని అతని వాదన. తేవచ్చా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు ఆశపడడంలో తప్పు లేదు. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థాన్ని కృత్రిమంగా తయారుచేసి, కీమో వల్ల వచ్చే వాంతులకు మందుగా ఇవ్వడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1985లోనే అనుమతించింది. అయినా ఆ సీసాను మీ అబ్బాయి తేకూడదు, మీరు తెమ్మనకూడదు.

పొగకూ నూనెకూ మధ్య అతను చెబుతున్న తేడా ఫ్లోరిడాలో నడిచిన వివాదం నుంచి వచ్చినది. 2016లో అక్కడి ఓటర్లు 71 శాతం మద్దతుతో వైద్య గంజాయిని ఆమోదించారు. మరుసటి ఏడాది శాసనసభ నూనెలను, ఆవిరిగా పీల్చే పద్ధతిని అనుమతిస్తూనే, పొగ తాగడం వైద్య వినియోగం కిందకు రాదని చట్టం చేసింది. రోగులు కోర్టుకు వెళ్లారు. వారిలో ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బుతో బాధపడుతున్న ఒక మహిళ, పొగ తాగితేనే తన నోట్లో అతిగా ఊరే లాలాజలం తగ్గుతోందని సాక్ష్యం చెప్పారు. 2018లో ట్రయల్ కోర్టు రోగుల పక్షాన తీర్పు ఇచ్చింది, 2019లో ఆ నిషేధం తొలగిపోయింది. రోగి మందును ఏ రూపంలో తీసుకోవాలో తేల్చవలసింది వైద్యుడా, శాసనసభా అన్న ఆ చర్చ విలువైనదే. కానీ అది మందుగా ముందే ఆమోదం పొందిన చోట జరిగిన చర్చ.

మన దేశంలో వర్తించేది 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం. దాని ప్రకారం మీ అబ్బాయి లెక్క సరిగ్గా తిరగబడుతుంది. పూత, కాయ ఉన్న కొమ్మల చివళ్లను సెక్షన్ 2 గంజాయి అంటుంది. మొక్క నుంచి తీసిన జిగురును, హషీష్ ఆయిల్ అని పిలిచే గాఢమైన తయారీని చరస్ కింద చేరుస్తుంది. గంజాయికి ‘స్వల్ప పరిమాణం’ (తక్కువ శిక్ష వర్తించే పరిమితి) 1,000 గ్రాములైతే, చరస్‌కు 100 గ్రాములే. అంటే పొగ తాగే గంజాయికంటే నూనెనే చట్టం ఎక్కువ తీవ్రంగా చూస్తోంది. గాఢమైన నూనెను కొబ్బరి నూనెలో కలిపి పలుచన చేశారన్నా, ఏ పదార్థంతో కలిపిన మిశ్రమమైనా అదే నిర్వచనంలోకి వస్తుంది. ఆ మిశ్రమాన్ని ఎలా తూచాలన్నది 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మత్తు పదార్థం ఎంత ఉందన్నది కాక, కలిపిన వాటితో సహా మొత్తం బరువును లెక్కించాలని చెప్పింది. కాబట్టి గమ్మీలో టీహెచ్‌సీ కొన్ని మిల్లీగ్రాములే ఉన్నా, అందులోని చక్కెర, జెలటిన్ కూడా తూకంలోకి వస్తాయి. అందరూ పొరబడేది ఇక్కడే. మొత్తం 100 గ్రాముల లోపైతే శిక్ష ఏడాది వరకు కఠిన కారాగారం, లేదా రూ.10,000 వరకు జరిమానా, లేదా రెండూ. అది దాటి, కిలో లోపు ఉంటే జైలు పదేళ్ల వరకు, జరిమానా లక్ష రూపాయల వరకు ఉండవచ్చు.

వైద్య అవసరాలకు సెక్షన్ 8లో మినహాయింపు లేకపోలేదు. కాకపోతే అది ఈ చట్టం, దాని నియమాలు, వాటి కింద పొందిన లైసెన్సులు అనుమతించిన మేరకే వర్తిస్తుంది. ఫ్లోరిడా కార్డు అలాంటి అనుమతి కాదు. తెలియక తెచ్చానన్నా చెల్లదు, ఎందుకంటే సెక్షన్ 35 ప్రకారం దురుద్దేశం ఉన్నట్టే కోర్టు భావిస్తుంది, లేదని నిందితుడే సందేహానికి తావు లేకుండా రుజువు చేసుకోవాలి. తెచ్చిపెట్టమని కోరినవారు ప్రేరేపణ, కుట్ర ఆరోపణలను (సెక్షన్ 29) ఎదుర్కోవలసి రావచ్చు. వాడినందుకు రోగిపై కూడా సెక్షన్ 27 కింద కేసు పెట్టవచ్చు. మంచం పట్టిన మనిషికి కూడా ఇందులో మినహాయింపు లేకపోవడం అన్యాయమనే నా అభిప్రాయం. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదక ద్రవ్యాల కమిషన్ 27–25 ఓట్లతో గంజాయిని అత్యంత ప్రమాదకర పదార్థాల జాబితా నుంచి తొలగించినప్పుడు భారత్ అనుకూలంగానే ఓటు వేసింది. ఆ వైఖరి మన చట్టంలోకి ఇంకా రాలేదు.

చట్టబద్ధమైన దారులు రెండు ఉన్నాయి. పూత చివళ్లు కలవని ఆకును, గింజను ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయిగా లెక్కించదు గనుక, ఆ ఆకుతో (ఆయుర్వేదంలో విజయ) లైసెన్సు పొంది తయారుచేసిన మందులు దొరుకుతాయి. ఆకు మీద రాష్ట్రాల ఎక్సైజ్ నిబంధనలు వేరువేరుగా ఉంటాయి కాబట్టి, ఆయుర్వేద వైద్యుని చీటీ, బిల్లు, లైసెన్సు నంబరు కనిపించే లేబులు మూడూ దగ్గర ఉంచుకోండి, క్యాన్సర్ డాక్టరుకు చెప్పకుండా వాడకండి. క్యాన్సర్‌ను నయం చేస్తామని ప్రకటించేవారిని నమ్మకండి. అలాంటి ప్రకటనే 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

నేను ముందు వెళ్లమనేది రెండో దారిలోనే. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ అందడంలో ఉన్న చిక్కులను తొలగించడానికే 2014లో ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించారు. గుర్తింపు పొందిన ఆసుపత్రులు దాన్ని చట్టబద్ధంగా ఇస్తాయి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స (పాలియేటివ్ కేర్) విభాగం ఉంది. వాంతులు, నిద్ర, నొప్పి మూడింటి గురించీ మీ డాక్టరుకు విడివిడిగా చెప్పి, పాలియేటివ్ కేర్‌కు పంపమని అడగండి.

మీ అబ్బాయికి ఒక మాట. రాష్ట్రం కార్డు ఇచ్చినా, వలస వ్యవహారాల్లో అమెరికా ఫెడరల్ చట్టమే చూస్తుంది. గంజాయి వాడానని అధికారి ముందు ఒప్పుకున్నా, కేసు లేకుండానే వీసాకు, గ్రీన్ కార్డుకు అడ్డంకి రావచ్చు. ఈసారి ప్రయాణానికి ముందే అక్కడి ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని కలిసి, తన కార్డు సంగతి చెప్పి సలహా తీసుకోమనండి.